థార్‌కి 'రేసింగ్' పార్ట్స్ బిగిస్తున్నారా? మహీంద్రా యాడ్‌కి, రేస్ ట్రాక్‌కి, మీ బండికి మధ్య ఉన్న తేడా ఇదీ!

చల్లపల్లి: కృష్ణా డెల్టాలో మహీంద్రా అంటే మొదట ట్రాక్టరే. దమ్ము చేసేది అదే, ధాన్యం బస్తాలు లాగేది అదే. ఆ తర్వాత బొలెరో. కానీ ఈ నాలుగైదేళ్లలో సీన్ మారిపోయింది. కరకట్ట మీద, కాలువ గట్ల మీద థార్ తిరుగుతోంది. దాంతో పాటే ఇంకో మాట కూడా వచ్చింది.. 'రేసింగ్ పార్ట్స్'. రేసింగ్ సైలెన్సర్, రేసింగ్ ఫిల్టర్, రేసింగ్ ట్యూన్. ఫోన్ తెరిస్తే చాలు, పెద్ద టైర్లు, పొగలు చిమ్మే సైలెన్సర్లతో రీల్స్ వరుసగా వస్తాయి.

మహీంద్రాకి నిజంగానే రేసింగ్ టీమ్ ఉంది. ఆ టీమ్ మన హైదరాబాద్ రోడ్ల మీద కూడా పరుగెత్తింది. అయితే ఆ రేస్ కారుకి, టీవీలో వచ్చే యాడ్‌కి, విజయవాడ ఆటోనగర్‌లో మీ బండికి బిగించే పార్ట్‌కి ఉన్న సంబంధం మీరు అనుకునేంత దగ్గరది కాదు. ఇక్కడ తేడా తెలియకపోతే నష్టం కూడా చిన్నది కాదు. ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైన్, వారంటీ గొడవ, యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ మీద పేచీ.. ఇవన్నీ బండి ఓనర్ మీదే పడతాయి. అందుకే ఈ మూడింటినీ విడివిడిగా చూద్దాం.

హుస్సేన్ సాగర్ పక్కన ఏం జరిగింది?

2023 ఫిబ్రవరి 11. హైదరాబాద్‌లో ఫార్ములా ఈ రేస్ జరిగిన రోజు. ఫార్ములా ఈ అంటే ఎలక్ట్రిక్ కార్ల వరల్డ్ ఛాంపియన్‌షిప్. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్క్, సచివాలయం చుట్టూ ఉన్న రోడ్లనే మూసేసి 2.83 కిలోమీటర్ల ట్రాక్ చేశారు. మొత్తం 18 మలుపులు. 2013లో నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన చివరి ఫార్ములా వన్ రేస్ తర్వాత, ఇండియాలో ఇంత పెద్ద కార్ రేస్ మళ్లీ జరగడం అదే మొదటిసారి. దానికి ముందు 2022 నవంబర్, డిసెంబర్‌లలో ఇండియన్ రేసింగ్ లీగ్ పేరుతో అదే చోట ఒక రకంగా ట్రయల్ కూడా చేశారు.

గెలిచింది ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్. డీఎస్ పెన్స్కే టీమ్. రెండో స్థానం నిక్ క్యాసిడీది. మూడోది పోర్షే డ్రైవర్ ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాది. సొంత గడ్డ మీద ఆడుతున్న మహీంద్రాకి దక్కింది ఆరో స్థానం, ఆలివర్ రోలండ్ తెచ్చాడు. టాటా వాళ్ల చేతిలో ఉన్న జాగ్వార్ పరిస్థితి ఇంకా దారుణం. పోల్ పొజిషన్ నుంచి మొదలుపెట్టిన మిచ్ ఎవాన్స్‌ని సొంత టీమ్‌మేట్ శామ్ బర్డ్ కారే వచ్చి గుద్దింది. ఇద్దరి రేసూ అక్కడితో అయిపోయింది!

ఆ ఆరో స్థానం చూసి మహీంద్రా అభిమానులు సంతోషపడ్డారు కానీ, సరిగ్గా రెండు వారాలకే అసలు కష్టం బయటపడింది. దక్షిణాఫ్రికా కేప్‌టౌన్ రేస్‌లో మహీంద్రా తన రెండు కార్లనూ వెనక్కి తీసుకుంది. వెనక సస్పెన్షన్ భద్రత మీద అనుమానం వచ్చింది. మహీంద్రా పవర్‌ట్రెయిన్ కొనుక్కుని ఆడుతున్న ఆబ్ట్ కుప్రా టీమ్ కూడా ఆగిపోయింది. ప్రపంచ స్థాయి ఇంజనీర్లు, ల్యాబ్‌లు, కోట్ల ఖర్చు ఉన్న చోట కూడా ఒక్క పార్ట్ మీద నమ్మకం లేకపోతే కారు బయటకు తీయలేదన్నమాట. ఈ ముక్క గుర్తుంచుకోండి, కింద సస్పెన్షన్ గురించి మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఇక హైదరాబాద్ రేస్ రెండో ఏడాదికే ఆగిపోయింది. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సి ఉండగా, జనవరి 5న రద్దు అని ఫార్ములా ఈ నిర్వాహకులు ప్రకటించారు. తెలంగాణలో ప్రభుత్వం మారిన కొద్ది రోజులకే ఇది జరిగింది. చెల్లింపుల మీద తర్వాత ఏసీబీ కేసు కూడా పెట్టింది. అది వేరే కథ, ఇక్కడ వద్దు.

ఇంతకీ మహీంద్రా రేస్ కారులో మహీంద్రాది ఎంత?

ఇది చాలామందికి తెలియని విషయం. ఫార్ములా ఈలో ఛాసిస్ అందరికీ ఒకటే, స్పార్క్ అనే కంపెనీ చేస్తుంది. బ్యాటరీ అందరికీ ఒకటే. టైర్లు కూడా అందరికీ హాంకూక్ కంపెనీవే. మరి టీమ్‌లు పోటీ పడేది ఎక్కడ? వెనక మోటార్, దాని ఇన్వర్టర్, గేర్‌బాక్స్, వెనక సస్పెన్షన్, అన్నిటికంటే ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ దగ్గర. రేస్‌లో వాడే కరెంట్‌లో దాదాపు 40 శాతం బ్రేకులు వేసినప్పుడు తిరిగి వచ్చేదే అని 2023లో వచ్చిన జెన్ 3 కారు గురించి నిర్వాహకులే చెప్పారు. కాబట్టి ఎప్పుడు ఎంత వాడాలి, ఎంత వెనక్కి లాక్కోవాలి అనే లెక్కలోనే గెలుపోటములు తేలతాయి.

అంటే రేస్ నుంచి రోడ్డు కారుకి ఏదైనా వస్తే ఆ లెక్క రావాలి. మోటార్ కంట్రోల్, బ్రేకింగ్ సాఫ్ట్‌వేర్, వేడిని అదుపు చేయడం లాంటివి. ఇవేవీ కంటికి కనిపించవు. బంపర్ మీద స్టిక్కర్ మాత్రం కనిపిస్తుంది. సమస్య అక్కడే మొదలవుతుంది.

మహీంద్రా టీమ్ ఈ ఛాంపియన్‌షిప్‌లో మొదటి రోజు నుంచీ ఉంది. 2014 సెప్టెంబర్‌లో బీజింగ్‌లో జరిగిన తొలి రేస్‌కి చెన్నై కుర్రాడు కరుణ్ చందోక్, బ్రెజిల్ డ్రైవర్ బ్రూనో సెన్నా ఆడారు. మొదటి గెలుపు 2017 జూన్‌లో బెర్లిన్‌లో ఫెలిక్స్ రోసెన్‌క్విస్ట్ తెచ్చాడు. 2021 లండన్‌లో అలెక్స్ లిన్ గెలిచాడు, మొత్తం 5 గెలుపులు. ఆ తర్వాత కొన్నేళ్లు దిగాలుగా గడిచాయి. 2024-25 సీజన్‌లో మళ్లీ పుంజుకుని టీమ్‌ల పట్టికలో నాలుగో స్థానానికి వచ్చింది.

రేస్ గెలిచినా బైక్ అమ్ముడుపోలేదు!

'ఆదివారం గెలిస్తే సోమవారం అమ్ముడుపోతుంది' అని అమెరికా కార్ల కంపెనీలు ఒకప్పుడు గట్టిగా నమ్మేవి. మహీంద్రా బైకుల కథ చూస్తే అది అన్నిచోట్లా పనిచేయదని అర్థమవుతుంది.

2011 నుంచి 2017 వరకు మహీంద్రా మోటార్ సైకిల్ గ్రాండ్ ప్రీ పోటీల్లో ఉంది. 2016 జూన్ 26న నెదర్లాండ్స్‌లోని అసెన్ ట్రాక్ మీద మోటో 3 రేస్ గెలిచింది. ఆ రోజు బైక్ నడిపింది ఎవరో తెలుసా? ఫ్రాన్సెస్కో బన్యాయా. తర్వాత 2022, 2023లో వరుసగా మోటో జీపీ వరల్డ్ ఛాంపియన్ అయినవాడు. గ్రాండ్ ప్రీలో అతని మొట్టమొదటి గెలుపు మన దేశపు కంపెనీ బైక్ మీదే వచ్చింది. ఆ ఏడాదే మలేసియాలోనూ గెలిచాడు.

ఇంత గొప్ప విషయం మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? సెంచురో, గస్టో, మోజో.. ఈ బళ్లు ఇప్పుడు రోడ్డు మీద వెతికినా కనపడటం కష్టం. షోరూమ్, సర్వీస్, స్పేర్ పార్టులు, రీసేల్ రేటు.. మన దగ్గర బైక్ అమ్మేవి ఇవి. అసెన్‌లో వచ్చిన కప్పు కాదు. 2017 తర్వాత మహీంద్రా మోటో 3 నుంచి తప్పుకుంది.

ఇదంతా ఎందుకంటే, కంపెనీ రేసింగ్‌ని చూసే పద్ధతి తర్వాత మారింది. గెలుపుని అమ్మడం కంటే రేసింగ్ లుక్‌ని, ఆ ఫీల్‌ని అమ్మడం మొదలైంది.

రేస్ ముందు రోజే అసలు యాడ్

హైదరాబాద్ రేస్‌కి ఒక్క రోజు ముందు, 2023 ఫిబ్రవరి 10న, మహీంద్రా అదే నగరంలో పెద్ద షో చేసింది. రాబోయే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీల నమూనాలని ఇండియాలో తొలిసారి అక్కడే చూపించింది. వాటితో పాటు బీఈ ర్యాల్ ఈ అనే ఆఫ్ రోడ్ నమూనాని ప్రపంచానికే మొదటిసారి చూపించింది. ఎక్స్‌యూవీ 400 స్పెషల్ కారు ఒక్కదాన్ని ఆన్‌లైన్ వేలం వేస్తే 1.75 కోట్ల రూపాయలు పలికింది, ఆ డబ్బు సేవా కార్యక్రమాలకి. 2020లో కొత్త థార్ మొదటి బండిని కూడా ఇలాగే వేలం వేస్తే 1.11 కోట్లు వచ్చాయి. నిజానికి ఇవన్నీ యాడ్‌లే. డబ్బులిచ్చి టీవీలో టైమ్ కొనకుండా, న్యూస్ బులెటిన్లలోకి నేరుగా వచ్చేసిన యాడ్‌లు. మాలాంటి ఛానెళ్లు కూడా చూపించాయి కదా మరి.

ఆ నమూనాల్లోంచి వచ్చిన కారే బీఈ 6. 2024 నవంబర్ 26న చెన్నైలో విడుదల చేసినప్పుడు దీని పేరు బీఈ 6ఈ. ధర 18.90 లక్షల నుంచి. '6ఈ' అన్నది మా ఫ్లైట్ల కోడ్ అని ఇండిగో కోర్టుకెళ్లడంతో పేరు చివరి అక్షరం తీసేశారు. ఆ గొడవ వల్ల కూడా కారు పేరు వారం రోజులు వార్తల్లోనే ఉందనుకోండి.

2025 ఆగస్ట్‌లో బ్యాట్‌మ్యాన్ ఎడిషన్ వచ్చింది. ముందు 300 అన్నారు, డిమాండ్ చూసి 999కి పెంచారు. 135 సెకన్లలో బుకింగ్ క్లోజ్! అదే ఏడాది నవంబర్‌లో బెంగళూరులో బీఈ 6 ఫార్ములా ఈ ఎడిషన్ విడుదలైంది, ఎక్స్ షోరూమ్ ధర 23.69 లక్షల నుంచి.

ఇక్కడే కాస్త ఆగాలి. ఫార్ములా ఈ ఎడిషన్‌లో ఏం మారింది? బంపర్ల డిజైన్, గుండ్రటి హెడ్‌లైట్లు, స్టిక్కర్లు, లోపల నారింజ రంగు మెరుపులు. ఏం మారలేదు? 79 కిలోవాట్ అవర్ బ్యాటరీ అదే. 286 హార్స్‌పవర్ మోటార్ అదే. మామూలు బీఈ 6లో పెద్ద బ్యాటరీ వేరియంట్‌లో ఉండేవే ఇవి. మహీంద్రా చెప్పే లెక్క ప్రకారం ఆ కారు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 6.7 సెకన్లు పడుతుంది. రోడ్డు మీద అది చాలా ఎక్కువ. అసలు ఫార్ములా ఈ కారు మాత్రం సుమారు 96 కిలోమీటర్ల వేగాన్ని 1.82 సెకన్లలో అందుకుంటుంది. పేరు ఒకటే, బండ్లు వేరు.

ఇది మోసం అనడం లేదు. బ్రోచర్‌లో బ్యాటరీ, మోటార్ వివరాలు ఉంటాయి, చూసుకోవచ్చు. డిజైన్ నచ్చి కొనుక్కుంటే అది మీ ఇష్టం. కానీ 'ఫార్ములా ఈ' అన్న పేరు చూసి పికప్ ఎక్కువ ఉంటుందని కొంటే మాత్రం డబ్బులు స్టిక్కర్‌కి ఇచ్చినట్టే.

యాడ్‌ల విషయంలో ఇంకో రూల్ ఉంది. ప్రకటనల మీద ఇండస్ట్రీ పెట్టుకున్న ఆస్కీ అనే సంస్థ, కార్లు, బైకుల యాడ్‌లకి ప్రత్యేకంగా మార్గదర్శకాలు పెట్టింది. ట్రాఫిక్ రూల్స్ ఉల్లంఘించినట్టు చూపించకూడదు. నిర్లక్ష్యంగా నడపాలనిపించేలా స్పీడ్ చూపించకూడదు. స్టంట్ చూపిస్తే హెచ్చరిక చదవడానికి వీలుగా వేయాలి. టీవీలో చూస్తే కింద ఆ అక్షరాలు కనపడతాయి. అదే యాడ్‌ని ఎవరో కట్ చేసి, పాట కలిపి, నిలువు వీడియోగా పెడితే? ముందు కోతకి పోయేది ఆ హెచ్చరిక లైనే.

ఆటోనగర్ మాట.. ఏ పార్ట్ ఏం చేస్తుంది?

అమెరికా, జపాన్ కంపెనీల్లో కొన్ని తమ కార్లకి పెర్ఫార్మెన్స్ పార్ట్స్ తామే అమ్ముతాయి. క్రైస్లర్‌కి మోపార్, టయోటాకి టీఆర్‌డీ అలా వచ్చినవే. మన దగ్గర మహీంద్రా షోరూమ్‌కి వెళ్తే దొరికేవి చాలావరకు యాక్సెసరీలు. సీట్ కవర్లు, సైడ్ స్టెప్, రూఫ్ క్యారియర్, అల్లాయ్ వీల్స్ లాంటివి. పవర్ పెంచే సామాను కావాలంటే బయటే చూసుకోవాలి. మన జిల్లా వాళ్లకి బయట అంటే విజయవాడ జవహర్ ఆటోనగర్, లేదంటే ఆన్‌లైన్.

ఆటోనగర్ మేస్త్రుల పనితనం మీద అనుమానం అక్కర్లేదు. లారీ బాడీ కట్టడం నుంచి ఇంజన్ బోర్ చేయడం దాకా అక్కడ జరగని పని లేదు. అయితే పాత డీజిల్ ఇంజన్ వేరు, 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్ 6 ఇంజన్ వేరు.

ముందుగా ట్యూనింగ్ చూద్దాం. థార్ 2.2 లీటర్ డీజిల్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడు సుమారు 130 హార్స్‌పవర్ ఇస్తుంది. ఎంత డీజిల్ కొట్టాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అన్నది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. అందులో లెక్కలు మార్చడమే రీమ్యాప్. బయట తగిలించే ట్యూనింగ్ బాక్స్ అయితే సెన్సర్ల సిగ్నల్ మార్చి ఈసీయూని నమ్మిస్తుంది. పవర్ నిజంగానే పెరుగుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ పెరిగిన టార్క్‌ని మోయాల్సింది పాత క్లచ్ ప్లేట్లు, పాత గేర్‌బాక్స్, పాత టర్బో. కంపెనీ ఆ మార్జిన్ ఊరికే వదల్లేదు. మే నెలలో ఏసీ వేసుకుని, నిండా మనుషులతో, లోడుతో వెళ్లినా ఇంజన్ తట్టుకోవాలని వదిలింది. 'ఏం కాదులే అన్నా, పికప్ పెరుగుద్ది' అన్నవాళ్లు క్లచ్ పోయిన రోజు బిల్లు కట్టరు.

తర్వాత సైలెన్సర్. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ పెడితే పొగ బయటకు సులువుగా వెళ్తుంది, టర్బో కాస్త త్వరగా అందుకుంటుంది. అయితే దానికి తగ్గట్టు ఈసీయూ మార్చకపోతే చాలా బళ్లలో వచ్చేది సౌండ్ మాత్రమే. బీఎస్ 6 డీజిల్ బండికి పొగ గొట్టంలోనే మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. కొందరు దాన్ని కోసి తీసేస్తున్నారు. అప్పుడు ఆ మసి అంతా వెనక వచ్చే బైక్ వాడి ముఖాన పడుతుంది. డ్యాష్‌బోర్డ్ మీద ఇంజన్ లైట్ వెలిగితే దాన్ని కూడా ఆపేసే సాఫ్ట్‌వేర్ వేస్తారు. రోగం అలాగే ఉంచి థర్మామీటర్ పగలగొట్టినట్టు.

ఎయిర్ ఫిల్టర్ సంగతి. కడిగి వాడుకునే రేసింగ్ ఫిల్టర్ గాలి ఎక్కువ వదులుతుంది, నిజమే. కోతల టైమ్‌లో మన రోడ్ల మీద ఊక, దుమ్ము ఎంత ఉంటాయో తెలుసు కదా. సరిగ్గా కడిగి, సరిగ్గా నూనె పట్టించకపోతే ఆ దుమ్ము ఇంజన్ లోపలికే.

ఇక అందరికీ ఇష్టమైనవి పెద్ద టైర్లు. వీటి లెక్క ఒకసారి చూడండి. థార్‌కి కంపెనీ ఇచ్చే 255/65 ఆర్ 18 టైర్ ఎత్తు దాదాపు 789 మిల్లీమీటర్లు. దాని బదులు 33 అంగుళాల టైర్ వేస్తే 838 మిల్లీమీటర్లు. అంటే 6 శాతం పైగా పెద్దది. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి 6 శాతం ఎక్కువ దూరం వెళ్తుంది, కానీ మీటర్‌కి ఆ విషయం తెలియదు. పాత టైర్లతో 80 చూపించే చోట బండి వెళ్లిన వేగం కంటే ఇప్పుడు అదే 80కి 5 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వెళ్తారు. ఓడోమీటర్ కూడా అంతే, తక్కువ తిరుగుతుంది. 'టైర్లు మార్చాక మైలేజీ ఘోరంగా పడిపోయింది' అనేవాళ్లకి అందులో కొంత ఈ మీటర్ తేడానే. మిగతాది మాత్రం నిజంగానే పడిపోతుంది, ఎందుకంటే టైర్ బరువు. అదే బరువు బ్రేకుల మీద కూడా పడుతుంది. ఆగే దూరం పెరుగుతుంది.

ఆ టైర్లు పట్టాలంటే బండి ఎత్తాలి, అంటే లిఫ్ట్ కిట్. సస్పెన్షన్ రెండు అంగుళాలు లేపితే బండి బరువు పైకి పోతుంది. బండి పల్టీ కొట్టే అవకాశం పెరుగుతుంది. బండిని అదుపులో ఉంచే ఈఎస్‌పీ సిస్టమ్‌ని కంపెనీ మొదటి ఎత్తుకి లెక్కలు కట్టి సెట్ చేసింది. హెడ్‌లైట్లు కూడా పైకి లేస్తాయి, ఎదురొచ్చేవాడి కళ్లలో కొడతాయి. ఒకపక్క కాలువ, ఇంకోపక్క చేలు, మధ్యలో ఒకటిన్నర బండి పట్టే రోడ్డు.. రాత్రిపూట ఎదురుగా వరికోత మిషన్ వస్తే ఏమవుతుందో డెల్టా వాళ్లకి చెప్పక్కర్లేదు. కేప్‌టౌన్‌లో రేస్ టీమే సస్పెన్షన్ మీద అనుమానంతో కార్లు ఆపేసింది అని పైన చెప్పింది ఇందుకే.

ముందు బిగించే ఇనుప బుల్ బార్ గురించి ఒక్క మాట. గుద్దినప్పుడు ముందు భాగం నలగాలని, ఆ దెబ్బని బట్టి సెన్సర్లు ఎయిర్‌బ్యాగులు తెరవాలని కంపెనీ డిజైన్ చేస్తుంది. ఇనుప కడ్డీ అడ్డం వస్తే ఆ లెక్క తప్పుతుంది. నడిచి వెళ్లేవాళ్లకి అది తగిలితే ఇంకా ప్రమాదం. 2017 డిసెంబర్‌లోనే వీటి మీద చర్యలు తీసుకోమని కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది.

చట్టం ఏం చెబుతోంది?

మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు. బండి మూల స్వరూపం మారే మార్పు అన్నది ఇక్కడ కొలత. సీట్ కవర్, మ్యూజిక్ సిస్టమ్ దీని కిందకి రావు. అనుమతి ఉన్న సీఎన్‌జీ కిట్, దివ్యాంగుల కోసం చేసే మార్పుల లాంటివాటికి చట్టంలోనే దారి ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. టెస్ట్ చేసి ఆమోదించిన నమూనాకి భిన్నంగా బండిని మారిస్తే రిజిస్ట్రేషన్‌కి చెల్లదు అని.

శిక్ష ఎంత? 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైన్, లేదా రెండూ. 'ఒక్కో మార్పుకి' అన్న మాట గమనించండి. టైర్లు, సైలెన్సర్, బుల్ బార్.. మూడూ ఉంటే లెక్క మూడుసార్లు. సౌండ్, పొగ పరిమితి దాటితే సెక్షన్ 190 కింద మొదటిసారికే 10,000 దాకా ఫైన్ గానీ 3 నెలల దాకా జైలు గానీ పడొచ్చు, లైసెన్స్ కూడా 3 నెలలు పోతుంది. రోడ్డు మీద పందెం కాస్తే సెక్షన్ 189, మొదటిసారి 3 నెలల దాకా జైలు లేదా 5,000 దాకా ఫైన్. పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు మీద పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించే వీడియోలు మీరూ చూసే ఉంటారు.

'మరి షాపులో బహిరంగంగా అమ్ముతున్నారు కదా?' అని అడుగుతారు. అమ్మేవాళ్లు 'ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే' అని బిల్లు మీదో, అట్టపెట్టె మీదో ఒక లైన్ వేస్తారు. ఆ లైన్ కాపాడేది షాపు వాడిని. అమెరికాలో మహీంద్రానే 2018లో రాక్సర్ అని జీపు లాంటి బండి అమ్మింది, అది రోడ్డెక్కే బండి కాదు, పొలాలకి, అడవి దారులకి మాత్రమే. కాబట్టి అక్కడ కొన్నవాళ్లు ఇష్టమొచ్చినట్టు మార్చుకున్నారు. ఆ రీల్స్ చూసి ఇక్కడ రిజిస్ట్రేషన్ ఉన్న థార్‌కి అదే చేస్తానంటే కుదరదు.

ఇన్సూరెన్స్ పేపర్ తీసి ఈ లైన్ చూడండి

మీ పాలసీ ఫోన్‌లోనే ఉంటుంది, ఇప్పుడే తెరవండి. 'బండి వాడకంపై పరిమితులు' అన్న చోట చూస్తే ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ కవర్ కావని రాసి ఉంటుంది. మామూలు కార్ పాలసీలన్నిటిలో ఉండే లైనే ఇది. ర్యాలీలకి వెళ్లేవాళ్లు అదనంగా ప్రీమియం కట్టి వేరే ఎండార్స్‌మెంట్ తీసుకోవాలి. బయట బిగించిన లైట్లు, స్టీరియో లాంటి ఎలక్ట్రికల్ సామానుకి కూడా విడిగా విలువ చెప్పి, ప్రీమియం కడితేనే వాటికి క్లెయిమ్ వస్తుంది. బండిలో చేసిన మార్పు కంపెనీకి చెప్పకపోతే, సర్వేయర్ వచ్చి చూసిన రోజు అదే మొదటి ప్రశ్న అవుతుంది.

వారంటీ కూడా ఇంచుమించు ఇలాంటిదే. సీట్ కవర్ మార్చారని ఇంజన్ వారంటీ పోదు. కానీ రీమ్యాప్ చేసిన బండిలో టర్బో పోతే, దానికీ దీనికీ సంబంధం లేదని సర్వీస్ సెంటర్‌ని ఒప్పించడం మీ వల్ల కాదు. ఈసీయూలో మార్పు చేసిన గుర్తులు ఉండిపోతాయి. వైరింగ్ కత్తిరించి ఎల్‌ఈడీ బార్ పెట్టించుకున్నా ఇదే తలనొప్పి. కప్లర్‌తో తగిలించేది అడగండి, వైరు కోయనివ్వకండి.

టైర్లు, అల్లాయ్ వీల్స్ విషయంలో సేఫ్ దారి ఒకటుంది. మీ బండి మాన్యువల్‌లో, డోర్ దగ్గర అతికించిన స్టిక్కర్ మీద కంపెనీ సైజులు రాసి ఉంటాయి. దాని లోపల ఉంటే గొడవ లేదు. థార్ కొన్నాక నిజంగా నేర్చుకోవాలనుకుంటే మహీంద్రాకే మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ఆఫ్ రోడ్ ట్రైనింగ్ అకాడమీ ఉంది. స్పీడ్ పిచ్చి ఉన్నవాళ్లకి మనకి దగ్గర్లోని పెద్ద ట్రాక్ చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్స్ తీసుకుని పోటీల్లో దిగొచ్చు. అక్కడ హెల్మెట్ ఉంటుంది, అంబులెన్స్ ఉంటుంది, ఎదురుగా బండి రాదు.

మూసిన రోడ్డు మీద పద్ధతిగా జరిగే ర్యాలీలో కూడా ప్రమాదం జరగొచ్చు. 2019 సెప్టెంబర్‌లో రాజస్థాన్ బార్మర్ జిల్లాలో జాతీయ ర్యాలీ జరుగుతుండగా ఓ కుటుంబం బైక్ మీద ఆ దారిలోకి వచ్చింది. మహీంద్రా కారు నడుపుతున్న గౌరవ్ గిల్ కారు తగిలి ముగ్గురు చనిపోయారు. రేసింగ్‌లో తొలి అర్జున అవార్డు అదే ఏడాది అందుకున్న డ్రైవర్ అతను. అంత అనుభవం ఉన్న చేతికే బండి ఆగలేదు. ఇక మూయని రోడ్డు సంగతి మీరే చూసుకోండి.

మోడిఫై చేసిన థార్ సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే..

ఇప్పుడు మన వైపు ఎక్కువగా జరుగుతున్నది ఇదే. ఎవరో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో లక్షలు పోసి చేయించిన బండి, తక్కువ రేటుకి వస్తుంది. ఆశపడే ముందు కొన్ని చూడండి. ఒరిజినల్ సైలెన్సర్, ఒరిజినల్ టైర్లు, బంపర్ బండితో పాటు ఇస్తారా అడగండి. ఇవ్వనంటే వాటి ఖర్చు రేటులో తగ్గించుకోండి, ఎందుకంటే చెకింగ్‌లో దొరికితే ఆపేది పాత ఓనర్‌ని కాదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి ఈసీయూ స్కాన్ చేయించండి. డీపీఎఫ్ ఉందో లేదో లిఫ్ట్ మీద ఎక్కించి కింద నుంచి చూడమనండి. ఆర్సీలో రంగు, ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ బండితో సరిపోల్చుకోండి. ఫామ్ 29, 30 మీద సంతకాలు అయ్యాక ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి మార్చమని 14 రోజుల్లోపు కంపెనీకి అప్లై చేయాలి. ఆ అప్లికేషన్‌తో పాటే బండికి ఏమేం బిగించి ఉన్నాయో రాతపూర్వకంగా చెప్పి, రసీదు తీసుకోండి.